మూడుసార్లు అమెరికా వీసా రాని అబ్బాయి: ఒక కేసు మొదటి నుంచి

భీమవరంలో పిల్లల్ని పై చదువులకు విదేశాలు పంపే పని మొదలుపెట్టి పన్నెండేళ్ళు అయింది. అంతకుముందు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఇక్కడ చాలామంది నన్ను ఇప్పటికీ మాస్టారూ అనే పిలుస్తారు. ఈ పన్నెండేళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్న ఫైలు ఇది. ఇందులో నేను సరిగ్గా ఆలోచించిన చోట్లు కొన్ని ఉన్నాయి, తప్పుగా ఆలోచించిన చోటు ఒకటి ఉంది. ఆ తప్పు వల్ల ఒక కుటుంబానికి అయిదు నెలలు, డెబ్భై వేల పైచిలుకు డబ్బు పోయాయి. రాయడానికి అబ్బాయి, వాళ్ళ నాన్నగారు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊరు పేరు, యూనివర్సిటీల పేర్లు తీసేశాను, గుర్తు పట్టడానికి వీలయ్యే చిన్న వివరాలు కొన్ని మార్చాను.

ఇంటి సంగతి

ఆరెకరాల రొయ్యల చెరువులు, అందులో నాలుగు సొంతం, రెండు లీజు. వనామీ రకం రొయ్య వేస్తారు. తండ్రి పదో తరగతి దాకా చదివారు, తల్లి ఇల్లు చూసుకుంటుంది, చెల్లెలు డిగ్రీ. అబ్బాయి 2021లో ఇంజనీరింగ్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్) పూర్తి చేశాడు, 68 శాతం, రెండు బ్యాక్‌లాగ్‌లు ఉంటే కట్టి పాసయ్యాడు. తర్వాత రెండేళ్ళు చెరువుల మీదే ఉన్నాడు. ఈ రెండేళ్ళని ఇంట్లో అందరూ "ఖాళీగా ఉన్నాడు" అనేవాళ్ళు, మొదట్లో నేను కూడా ఫైల్లో గ్యాప్ అనే రాసుకున్నాను.

నా దగ్గరకు వచ్చేసరికి

2023 జులైలో తండ్రీకొడుకులు వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో రెండు ఐ-20లు (వీసా కోసం అమెరికా యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రాలు), రెండు రిజెక్షన్ కాగితాలు. మొదటిది 2022 నవంబరు, రెండోది 2023 జూన్, రెండూ 214(బి) కిందే. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: అమెరికా చట్టం ప్రకారం స్టూడెంట్ వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే ముందు అనుకుంటారు, కాదని నమ్మించే బరువు మన మీదే ఉంటుంది, నమ్మకం కుదరకపోతే ఈ సెక్షన్ కింద తిరస్కరిస్తారు. అప్పీలు ఉండదు. ఇచ్చే కాగితం అందరికీ ఒకటే అచ్చు, మన కేసులో ఏం తప్పు జరిగిందో అందులో ఉండదు. అందుకే బయటకు వచ్చిన పిల్లలు కారణాలు వాళ్ళే వెతుక్కుంటారు. ఆ కౌంటర్ మంచిది కాదనో, ఆ రోజు మంచిది కాదనో, షర్టు రంగు కుదరలేదనో. వీళ్ళు చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చారు, వీసా వస్తే నూట ఎనిమిది చేస్తామని మొక్కుకున్నారు. దాన్ని నేను తప్పు పట్టను.

కాగితాలు పక్కన పెట్టి, కౌంటర్ దగ్గర అడిగినవి, చెప్పినవి ఒక్క మాట కూడా మార్చకుండా నాకు చెప్పమన్నాను. అబ్బాయి నిటారుగా కూర్చుని, గొంతు మార్చి, ఇంగ్లీషులో అప్పజెప్పాడు. మా నాన్న ఆక్వా ఎగుమతుల వ్యాపారం చేస్తారు, ఏడాది ఆదాయం పద్దెనిమిది లక్షలు, పొదుపు ముప్పై అయిదు లక్షలు, చదువు అయ్యాక వెనక్కి వచ్చి కంపెనీ చూసుకుంటాను. తండ్రికి ఇంగ్లీషు రాదు గానీ లక్షలు అన్న మాట అర్థమైంది. కాసేపు కొడుకు మొహం చూసి, మెల్లిగా అడిగారు.

"ఎవరి గురించిరా చెబుతున్నావ్?"

అబ్బాయి తల దించుకున్నాడు. ఆ ప్రశ్నలోనే కేసంతా ఉంది. అది నాకు అప్పుడే అర్థమైందని చెప్పుకోను, చాలా నెలలు పట్టింది.

జరిగింది ఏమిటంటే, అంతకుముందు వెళ్ళిన కన్సల్టెన్సీ వాళ్ళు లక్షా పదివేలు తీసుకుని ఫండ్స్ చూపించే ఏర్పాటు చేశారు, అంటే తండ్రి ఖాతాలో కొన్ని వారాలు ఎవరిదో డబ్బు ఉంచి, బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీయించి, మళ్ళీ తీసేసుకున్నారు. దానికి సరిపడా కథ రాసిచ్చి అబ్బాయితో బట్టీ పట్టించారు. ఇందులో ఉన్న ప్రమాదం ఈ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. అబద్ధం చెప్పి వీసా తీసుకోవాలని చూశాడని ఆఫీసర్ తేల్చి రాస్తే అది 214(బి) కాదు, జీవితాంతం అమెరికా తలుపు మూసేసే వేరే సెక్షన్. అక్కడిదాకా పోకపోవడం వీళ్ళ అదృష్టం.

అసలు ఆ అబద్ధం అవసరం ఎందుకు వచ్చింది? ఇది డెల్టాలో ప్రతి రెండో ఇంటి సమస్య కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నాలుగెకరాల సొంత భూమి ఉందంటే ఇక్కడి రేట్ల ప్రకారం ఆస్తిపరులే. కానీ ఎడ్యుకేషన్ లోనుకి వ్యవసాయ భూమిని తాకట్టుగా బ్యాంకులు సాధారణంగా తీసుకోవు, ఎందుకంటే అప్పు తీరకపోతే స్వాధీనం చేసుకోవడానికి వాళ్ళు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. పోనీ ఇల్లు పెడదామంటే ఇల్లు గ్రామకంఠంలో ఉంది, తాతల నాటిది, రిజిస్టర్డ్ దస్తావేజు లేదు. చెరువు ఆదాయానికి రుజువు అంటే బయ్యరు రాసిచ్చిన తూకం చీటీలు, మేత కొట్టులో ఖాతా పుస్తకం. ఒక పంట బాగా పడితే పది లక్షలు మిగులుతుంది, తర్వాతి పంట పోతే అదంతా మేత బాకీకే పోతుంది. ఇంత ఉండీ కాగితం మీద ఏమీ లేని మనిషి ఆయన. అలాంటి మనిషికి కన్సల్టెన్సీ వాళ్ళు ఇంకో మనిషి కాగితాలు తొడిగారు.

మూడో ప్రయత్నం, నా తప్పు

నేను అనుకున్నది ఇది. అబద్ధం వల్ల పోయింది కాబట్టి నిజం చెబితే వస్తుంది. అబ్బాయి నెమ్మదస్తుడు, నిజం చెప్పేటప్పుడు మాట తడబడదు. కాస్త తక్కువ ఫీజున్న స్టేట్ యూనివర్సిటీ చూశాం, మేనమామ కో-అప్లికెంట్‌గా ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ దగ్గర ఇరవై ఎనిమిది లక్షల లోను శాంక్షన్ చేయించాం, పన్నెండున్నర శాతం వడ్డీ. మళ్ళీ 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకి అమెరికా తీసుకునేది), 185 డాలర్ల వీసా ఫీజు. 2023 నవంబరులో ఇంటర్వ్యూ.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాన్న ఏం చేస్తారని అడిగితే రొయ్యల రైతు అని చెప్పాడు. ఆఫీసర్ స్క్రీన్ చూసి, గతంలో వ్యాపారం అన్నారు కదా, ఏది నిజమని అడిగారు. వీడు ఉన్నదే చెప్పాడు, అప్పుడు కన్సల్టెంట్ అలా చెప్పమన్నారని. అదే కాగితం చేతికి వచ్చింది.

ఇక్కడ నేను తప్పు ఆలోచించిన చోటు రెండు పొరలుగా ఉంది. మొదటిది, అబ్బాయి ఈసారి ఏం చెబుతాడనే ఆలోచించాను గానీ అవతలి స్క్రీన్ మీద అప్పటికే ఏం రాసి ఉంటుందో ఆలోచించలేదు. మనకు నిజం చెప్పడమే కొత్త మొదలు, వాళ్ళకు అది రెండో కథ. ఏది నమ్మాలో తేల్చుకోవడానికి వాళ్ళ దగ్గర రెండు నిమిషాలే ఉంటాయి. పరిస్థితుల్లో నిజంగా మార్పు వస్తే మళ్ళీ రావచ్చని వాళ్ళు అంటారు, అయిదు నెలల్లో మారింది మా జవాబు ఒక్కటే.

రెండో పొర ఇంకా లోతైనది. అమెరికానే ఎందుకని నేను అడగనే లేదు. ఇరవై ఎనిమిది లక్షలకు పన్నెండున్నర శాతం అంటే నెలకు ఇరవై తొమ్మిది వేల పైన వడ్డీయే. చదువు అయ్యాక అక్కడ ఉద్యోగంలో నిలవాలంటే హెచ్-1బి అనే ఉద్యోగ వీసా లాటరీ తగలాలి, ఏటా ఇచ్చేవి 85 వేలు, 2023 మార్చిలో పడిన రిజిస్ట్రేషన్లు 7.8 లక్షల దాకా. ఒక పంట పోతే తలకిందులయ్యే ఇంటిమీద నేను ఈ బరువు పెట్టబోయాను. వీసా వచ్చి ఉంటే నేను గెలిచానని అనుకునేవాణ్ణి, వాళ్ళ పరిస్థితి ఏమయ్యేదో చెప్పలేను. వీసా పోయాక అడిగితే అబ్బాయి చెప్పిన జవాబు, "మా బ్యాచ్‌లో అందరూ అక్కడే సార్."

చెరువు గట్టు మీద

తర్వాత ఏ దేశమనే మాట ఎత్తలేదు. జనవరిలో ఒక రాత్రి చెరువు దగ్గరికి వస్తానని చెప్పి వెళ్ళాను. వాడు రెండేళ్ళు ఏం చేశాడో చూడాలనిపించింది, అంతకంటే పెద్ద ఆలోచన ఏమీ లేదు.

తెల్లవారుజామున మూడున్నర. ఆ వేళకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది, గంటలో పంట మొత్తం పోవచ్చు. గట్టు మీద షెడ్డులో టీ తాగుతున్నాం, ఉన్నట్టుండి అబ్బాయి గ్లాసు కింద పెట్టి చెవి రిక్కించాడు. నాకు అన్నీ ఒకటే మోత. "మూడో ఫ్యాను సార్, ఒక ఫేజు పడిపోయింది" అని పరిగెత్తాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, మిగతా రెండిటి మీద బరువు పడి వైండింగ్ కాలిపోతుంది. అలా కాలకుండా తనంతట అదే ఆగిపోయే బోర్డు ఒకటి పాత స్టార్టర్ల సామానుతో వాడే కట్టుకున్నాడు, చుట్టుపక్కల చెరువులకు కూడా కట్టిచ్చాడు. కానీ మోటారు ఆగితే ఆక్సిజన్ ఆగినట్టే కదా, అందుకని ఆగగానే ఫోన్ మోగేలా సిమ్ కార్డుతో ఏదో కలిపాడు.

షెడ్డులో మేకుకు ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడుతోంది. కాలిన ప్రతి మోటారు అందులో ఉంది: తేదీ, టైము, వోల్టేజి ఎంత, ఏ వైండింగ్ కాలింది, రీవైండింగ్‌కి ఎంతయింది. నలభై ఒక్క మోటార్లు. కొన్ని పేజీల మీద మేత చేతుల మరకలు. నేను నా ఫైల్లో గ్యాప్ అని రాసుకున్నది ఈ నోట్‌బుక్కే.

జర్మనీ ఎందుకు

ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని మళ్ళీ లెక్క మొదలుపెట్టాం. ఈసారి దేశం వైపు నుంచి కాకుండా, ఆ ఇంట్లో డబ్బు ఏ రూపంలో, ఏ టైముకి వస్తుందో అక్కడి నుంచి. పూచీకత్తు ఆస్తి లేకుండా బ్యాంకు లోను ఏడున్నర లక్షల దాకా దొరుకుతుంది. తల్లి బంగారం మీద మూడు లక్షలు. పట్టుబడి బాగుంటే రెండు మూడు లక్షలు. అంటే పదమూడున్నర దాటదు. యూకే ఫీజుకే చాలదు. కెనడా 2024 జనవరి నుంచి చూపించాల్సిన ఖర్చుల డబ్బుని 20,635 కెనడా డాలర్లకు పెంచింది, ఫీజు దానికి అదనం. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం లాంటి చోట్ల తప్ప. బ్లాక్డ్ అకౌంట్‌లో అప్పట్లో 11,208 యూరోలు వేయాలి, సుమారు పది లక్షలు, కానీ అది ఎవరికీ కట్టే డబ్బు కాదు, నెలకు కొంత చొప్పున వాడికే తిరిగి వస్తుంది. ఇంకొకళ్ళ డబ్బు చూపించే పనే లేదు.

వాళ్ళ నాన్నగారి అభ్యంతరం ఒక్కటే. "అక్కడ మనవాళ్ళు ఎవరున్నారండి?" డల్లాస్‌లో పెదనాన్న కొడుకు ఉన్నాడు, జర్మనీలో ఊరి మొత్తానికి ఒక్కరు లేరు. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, లేదనే చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను: చదువు ఇంగ్లీషులో దొరుకుతుంది గానీ ఉద్యోగం జర్మన్ రాకపోతే కష్టం, ఆ భాష నేర్చుకోవడం ఈ రోజు నుంచే మొదలవ్వాలి. రెండు రోజులు ఆలోచించుకుని ఫోన్ చేశారు. "ఆయ్, కానివ్వండి మాస్టారూ."

మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి పెట్టాం, 2022 నవంబరు నుంచి మన పిల్లలకు అది తప్పనిసరి, ఫీజు పద్దెనిమిది వేలు. ఆన్‌లైన్లో జర్మన్ ఏ1 క్లాసులు (అది మొదటి మెట్టు, పైన ఏ2, బి1, బి2), చెరువు మీదే కూర్చుని.

ఇక్కడ మళ్ళీ కొంత ఫెయిలయ్యాం. వాళ్ళ ఫార్ములాలో మన మార్కులు తిరగేసి చూస్తారు, ఒకటి గొప్ప, నాలుగు పాసు. 68 శాతానికి, పాస్ మార్కు 40 పెడితే 2.6 వస్తుంది. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. ఏడింటికి పెట్టాం, మొదట్లో పెద్ద టెక్నికల్ యూనివర్సిటీలే ఎక్కువ రాశాను, ఆ అయిదూ రాలేదు. వచ్చిన రెండూ అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు, అక్కడ చేతిపని అనుభవానికి విలువ ఇస్తారు. మోటివేషన్ లెటర్ వాడే రాశాడు, నేను వ్యాకరణం తప్ప ఏమీ ముట్టుకోలేదు. మొదటి వాక్యం నలభై ఒక్క మోటార్ల గురించి.

ఇంకో దెబ్బ 2024 సెప్టెంబరులో తగిలింది. 11,208 వేసేసి కూర్చున్నాం, వీసా అపాయింట్‌మెంట్ సెప్టెంబరు రెండో వారంలో వచ్చింది, సెప్టెంబరు 1 నుంచి మొత్తం 11,904 అయింది. 696 యూరోలు తక్కువ. మన డబ్బుల్లో అరవై అయిదు వేల దాకా, వారం టైములో. మేత కొట్టాయన చేబదులు ఇచ్చారు. తారీఖు మారితే అంకె మారుతుందని నేను ముందే కాస్త ఎక్కువ వేయించి ఉండాల్సింది. వీసా వచ్చింది, అక్టోబరు చివర్లో వెళ్ళాడు, అప్పటికే క్లాసులు మొదలైపోయాయి.

వెళ్ళాక

చాలామంది కేసు ఇక్కడితో మూసేస్తారు. నేనూ మూసేశాను. 2025 ఫిబ్రవరి చివర్లో రాత్రి పదకొండుకి ఫోన్ వచ్చింది. నాలుగు పరీక్షల్లో రెండు పోయాయి. వేర్‌హౌస్‌లో వారానికి ఇరవై గంటలు, ఎక్కువగా రాత్రి షిఫ్టులు చేస్తున్నాడు, ఇంటికి నెలకు ముప్పై వేలు పంపుతున్నాడు. డిసెంబరులో చెరువుకి తెల్లమచ్చ తెగులు వచ్చి పంట పోయింది, తండ్రి అడగలేదు, వీడే పంపడం మొదలుపెట్టాడు. పరీక్షలు పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు, పంట ఎంత పోయిందో వాళ్ళు వీడికి చెప్పలేదు. ఒకళ్ళకొకళ్ళు బాధ కలగకూడదని ఇద్దరూ దాచుకున్నారు.

దీనికి నేను అడ్డం పడాలా వద్దా అని ఒక రోజంతా ఆలోచించాను. అది వాళ్ళ ఇంటి విషయం. కానీ లెక్క చూస్తే ఊరుకోలేకపోయాను. అక్కడ ఒక పరీక్ష సాధారణంగా మూడుసార్లే రాయనిస్తారు, మూడోసారి కూడా పోతే ఆ కోర్సే పోతుంది, దాంతోపాటు అక్కడ ఉండే అనుమతి. అంతదాకా వెళ్ళకపోయినా ఒక్క సెమిస్టర్ ఎక్కువ పడితే ఖర్చులకు నెలకు 992 చొప్పున ఆరు నెలలకు 5,952 యూరోలు, అయిదున్నర లక్షలు. వాడు ఆరు నెలలు పంపేది లక్షా ఎనభై వేలు. లక్షా ఎనభై పంపడానికి అయిదున్నర పోగొట్టుకుంటున్నాడు.

అబ్బాయి ఒప్పుకున్నాక ముగ్గురం వీడియో కాల్లో కూర్చున్నాం. నేను లెక్క చెప్పి ఆపేశాను. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేపటి నుంచి పైసా పంపావంటే నేను బ్యాంకుకెళ్ళి వెనక్కి పంపించేస్తా" అన్నారు. లీజుకు తీసుకున్న రెండెకరాలూ వదిలేశారు. ఆ లీజు డబ్బు మిగలడం వల్లే ఆ ఏడాది ఇల్లు గడిచింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచి ఇక్కడ రొయ్య ధర కుదేలయినప్పుడు, ఆరెకరాలు మీద ఉంటే ఏమయ్యేదో అని ఆయనే అన్నారు.

అబ్బాయి రాత్రి షిఫ్టు మానేసి శని, ఆదివారాలకి మార్చుకున్నాడు. సాయంత్రాలు జర్మన్ క్లాసు. పోయిన రెండు పరీక్షల్లో ఒకటి జులైలో పాసయ్యాడు. బి1 అయ్యాక అక్టోబరులో మోటార్ డ్రైవ్‌లు టెస్ట్ చేసే ఒక చిన్న కంపెనీలో వర్కింగ్ స్టూడెంట్‌గా చేరాడు. ఇంటర్వ్యూ సగం జర్మన్, సగం ఇంగ్లీషు. ఏం చూపించావని అడిగితే కాలిన వైండింగుల ఫోటోలు చూపించానన్నాడు, అవతలి ఆయన ఒక ఫోటో పెద్దది చేసి చూసి, ఇది ఎండాకాలమా అని అడిగారట. అవునన్నాడు, మే నెల, వోల్టేజి మూడు వందల నలభైకి పడిపోయింది. ఈసారి బట్టీ పట్టాల్సిన పని పడలేదు.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరొచ్చినా, రిజెక్షన్ ఉన్నా లేకపోయినా, పిల్లాడు తన గురించి చెప్పేది తల్లిదండ్రుల ముందు తెలుగులో చెప్పిస్తాను. వాళ్ళు గుర్తు పట్టలేని కథ అయితే ఫైలు తెరవను. పాత ఇంటర్వ్యూల్లో ఏం చెప్పారో రాతలో తీసుకుంటాను, తేడా ఉంటే ఆ దేశానికి వెంటనే మళ్ళీ పంపను, ఎంత బతిమాలినా. వాళ్ళ డబ్బు పంటతో వచ్చేదైతే పంట క్యాలెండర్ పక్కన పెట్టుకునే అడ్మిషన్ క్యాలెండర్ చూస్తాను. పంపిన పిల్లలకు మొదటి సెమిస్టర్ పరీక్షల నెలలో నేనే ఫోన్ చేస్తాను, ఇంటికి ఏమైనా పంపుతున్నావా అని సూటిగా అడుగుతాను. అడిగిన వాళ్ళలో పంపుతున్నవాళ్ళు నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నారు.

ఈ కేసు ఇంకా పూర్తి కాలేదు. ఒక పరీక్ష మిగిలి ఉంది, తర్వాత థీసిస్, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు ఇస్తారు. బి2 రాకుండా మంచి ఉద్యోగం దొరుకుతుందని నేను అనుకోను, అదే చెప్పాను. బ్యాంకు లోను ఏడున్నర లక్షలు అలాగే ఉంది, మేత కొట్టాయన బాకీ తీరిపోయింది.

సంక్రాంతికి వాళ్ళ ఇంటికి పిలిస్తే వెళ్ళాను. పొద్దున్నే చెరువు వైపు నడిచాం. షెడ్డులో మేకుకు కొత్త నోట్‌బుక్ వేలాడుతోంది, చేతిరాత వేరు. చెల్లెలు రాస్తోంది, పేజీ నిండగానే ఫోటో తీసి అన్నకి పంపుతుందట. యాభై రెండో మోటారు దగ్గర ఉంది.